కాజా లేని కవరు

మా అత్తగారింట్లో కవరు లేని వస్తువు ఒక్కటే ఉండేది. అది నాది.

టీవీకి కవరు, రిమోట్‌కి కవరు, మిక్సీకి కవరు, మిక్సీ మూతకి విడిగా ఇంకో కవరు. కుట్టుమిషన్‌కి కవరుందంటే అర్థం చేసుకోవచ్చు. ఆ కవరు తీసినప్పుడు మడిచి పెట్టుకోవడానికి ఒక సంచి, ఆ సంచి మూతికి ఒక తాడు. అత్తయ్య చేతికి గుడ్డముక్క దొరికిందంటే చాలు, ఇంట్లో ఏదో ఒకటి పాపం బట్టల్లేకుండా ఉందని ఆవిడకి గుర్తొస్తుంది. టేపు పట్టదు, కంటితోనే కొలత తీసేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఎదురుగా కదలకుండా కూర్చోవాలంటే నాకు భయంగా ఉండేది.

తీరా చూస్తే నా భయం దండగ. నా వస్తువులకి ఆవిడ ఒక్కటంటే ఒక్క కవరు కుట్టలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత మోపెడ్ గుమ్మం పక్కనే ఎండకి ఎండి వానకి తడుస్తుండేది. పనిగట్టుకుని ఆవిడ చూస్తుండగా దాన్ని తుడిచేదాన్ని కూడా. "నీ బండి నీ ఇష్టం అమ్మా, నేనెందుకు మధ్యలో" అనేది. ఎంత మర్యాదో! కోడలికి మర్యాద ఎంత ఎక్కువిస్తే అంత దూరంగా కూర్చోబెట్టినట్టని నాకు తెలుసు. నేను నోరు మూసుకుని పడుండే రకాన్ని కాదు. అలాగని అత్తయ్య నా మోపెడ్‌కి కవరు కుట్టలేదని దెబ్బలాటకి దిగితే విన్నవాళ్ళు నవ్విపోతారు. అందుకని లోపల్లోపలే ఉడుక్కునేదాన్ని.

కవర్ల విషయంలో ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. పని కోసం కవరు తియ్యవచ్చు, మరకలు పడకుండా మడిచి పెట్టాలి, పని అయ్యాక తీసినవాళ్ళే తిరిగి తొడగాలి. ఈ చట్టానికి మామయ్యతో సహా అందరూ భయపడతారు. మా ఆయన లారీ తోలుతూ ఊళ్ళు తిరుగుతుంటాడు. లారీలో గేరురాడ్ తలకి కూడా తొడుగుంది. ఈ కథలో ఆయనకి అంతకుమించి పనిలేదు.

ఇంటి వెనకే మామయ్య షెడ్డు. కొండదారుల్లో తిరిగే క్వాడ్ బండ్లు బాగుచేస్తారు. నాలుగు లావుపాటి టైర్లు, మోటారుసైకిల్‌కి ఉన్నట్టే హ్యాండిలు, రాళ్ళనీ బురదనీ లెక్కచెయ్యని బండ్లు అవి. తోటలవాళ్ళు, క్వారీవాళ్ళు, కొండమీద టవర్ చూసుకునేవాళ్ళు అందరూ ఆయన దగ్గరికే వస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కీ పిడి తన చెవికీ ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఏ పార్టు ఏమంటోందో వింటారాయన. ఇంజన్లు చెప్పేది అంత శ్రద్ధగా వినే మనిషి ఇంట్లో వాళ్ళు చెప్పేది ఒక్క ముక్క వినిపించుకోరు.

ఆయన సొంత బండి పేరు గిత్త. పాత బండ్ల ముక్కలన్నీ ఏరుకొచ్చి స్వయంగా కట్టుకున్నారు. తోలేది మాత్రం మా ఆడపడుచు. దాన్ని అందరూ జువ్వ అని పిలుస్తారు. ఎందుకని ఎవరూ అడగరు, ఒక్కసారి చూస్తే చాలు. పగలంతా కళ్ళద్దాల షాపులో కూర్చుని పరాయివాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు సర్దే పిల్ల, షాపు మూయగానే గిత్తనెక్కి కొండమీద పడుతుంది.

ఏటా కొండపందెం జరుగుతుంది. క్వారీ దగ్గర మొదలై టవర్ దగ్గర ముగుస్తుంది. మధ్యలో మెడ మలుపు అని ఒకటుంది. ఒకపక్క బండరాయి, ఇంకోపక్క ఏమీ ఉండదు, కింద కంకర జారుతుంటుంది. కిందటేడు అక్కడ గిత్త పక్కకి ఒరిగి జువ్వ చెయ్యి విరగ్గొట్టుకుంది. చేతికి కట్టుతో ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "భలేగా జారిందిలే" అని నవ్వింది. ఈ ఏడు ఆ మలుపు దాటి టవర్ ముట్టుకుని తీరాలని దాని పంతం. ఫస్టు రాకపోయినా దానికి పరవాలేదు, అది దాటితే చాలు.

అలాంటి సమయంలో గిత్త మొరాయించడం మొదలుపెట్టింది.

ఇల్లు దాటుతుంది, క్వారీ దాటుతుంది, ఎక్కుడు మొదలవుతుంది. సరిగ్గా మెడ మలుపు కనపడే ముందు ఓ దగ్గు, ఓ కుదుపు, తర్వాత నిశ్శబ్దం. స్టార్టర్ ఎంత నొక్కినా పలకదు. జువ్వ రాతిమీద కూర్చుని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాక, ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మళ్ళీ పైకి తోలితే మళ్ళీ ఆగుతుంది. కిందకి తిప్పితే బుద్ధిగా ఇంటికొచ్చేస్తుంది.

షెడ్డులో స్టాండెక్కిస్తే మరీ బుద్ధిగా ఉంటుంది. మామయ్య ముందు కవర్లన్నీ విప్పేవారు. సీటు కవరు, హ్యాండిల్ తొడుగులు, హెడ్‌లైట్ టోపీ, పెట్రోల్ ట్యాంకు మూత మీద ఎర్ర మఖమల్ గుడ్డతో తెల్ల పువ్వు కుట్టిన గుండ్రటి కవరు. గ్రీజు చేత్తో ముట్టుకుంటే కొంప మునుగుతుంది కాబట్టి అన్నీ మడిచి అలమారలో పెట్టి, అప్పుడు పనిలోకి దిగేవారు. స్పార్క్ ప్లగ్ మార్చారు. ప్లగ్ వైరు మార్చారు. బ్యాటరీ బిగింపులు గీకి బిగించారు. ఇంజన్ ఆపే స్విచ్ విప్పి, వైరు ఎక్కడైనా ఒరుసుకుందేమో చూశారు. ఫిల్టర్లు కడిగారు. కార్బురేటర్ విప్పి, జెట్లు ఊది, మళ్ళీ విప్పి మళ్ళీ ఊదారు. మధ్యాహ్నమంతా ఇంజన్ ఆన్‌లో పెడితే ఒక్కసారైనా తడబడలేదు. చెవికి స్క్రూడ్రైవర్ ఆనించి విని, "దీనికేం రోగం లేదు" అని తేల్చేవారు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, చట్టప్రకారం కవర్లన్నీ తిరిగి తొడిగి అప్పజెప్పేవారు. జువ్వ కొండెక్కేది. గిత్త అక్కడే ఆగేది.

"ఇంజన్‌లో రోగం లేనప్పుడు తోలేవాళ్ళలో ఉండుంటుంది" అన్నారు మామయ్య ఒకరోజు భోజనాల దగ్గర.

అంతే. ఆ పూట నుంచి తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు. ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నేను.

"వదినా, మీ మామగారితో చెప్పు, బండి మళ్ళీ అక్కడే ఆగింది."

మా మామగారు చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్, మీ ఆడపడుచుతో చెప్పు, ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికి ఎవరో."

"మద్దెల నిజంగానే ఓడైతే ఆడేవాళ్ళేం చేస్తారో అడుగు వదినా."

"ఆ మద్దెల కట్టింది ఎవరనుకుంటోందో అడుగమ్మా."

మొదట్లో ఉన్నదున్నట్టు చేరవేసేదాన్ని. పక్కపక్కనే ఉన్నవాళ్ళకి అదే మాట మళ్ళీ చెప్పడం విసుగొచ్చి, కాస్త ఉప్పూకారం కలపడం మొదలుపెట్టాను. "క్వారీలో గాడిదలు అద్దెకి దొరుకుతాయేమో కనుక్కోమంటున్నారు జువ్వా" అనేదాన్ని. "నేనెప్పుడన్నానమ్మా!" అని మామయ్య గిలగిల్లాడేవారు. "గాడిదైతే మలుపు దాకా వెళ్తుంది కదా అంటోంది మామయ్యా" అనేదాన్ని. అత్తయ్య మాత్రం ఈ గొడవలో వేలు పెట్టేది కాదు. తలొంచుకుని కుట్టుకుంటూ ఉండేది. ఎంత ఓర్పు అనుకున్నాను అప్పట్లో.

పందెం దగ్గరపడింది. ఒకరోజు సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే జువ్వ వచ్చి పిట్టగోడకి ఆనుకుని నిలబడింది.

"వదినా, కొత్త షెడ్డాయన షాపుకొచ్చాడు."

ఊరి చివర గాజు తలుపుల షెడ్డు ఒకటి వెలిసింది. దాని యజమాని ఎప్పుడు చూసినా ఇస్త్రీ చొక్కాలో ఉంటాడు, చేతికి మసి అంటదు. మా ఇంట్లో ఆయన్ని ఇస్త్రీ అనే పిలుస్తాం.

"కళ్ళద్దాలకేనా వచ్చింది?"

"వంకకి అదే. వాళ్ళ కొత్త బండి మీద పందెంలో దిగమంటున్నాడు. రేపు షాపు మూసే వేళకి వచ్చి నా మాట తీసుకుంటాడట."

"మరి నువ్వేమన్నావు?"

తిరిగి చూస్తే ఏడుస్తోంది. చెయ్యి విరిగితే నవ్విన పిల్ల అది. "నాన్న బండి మీద కాకపోతే ఆ కొండెక్కినా ఎక్కినట్టుండదు వదినా. అలాగని ఎక్కకుండా ఉండలేను. నన్నేం చెయ్యమంటావు?"

కూతురు ఇస్త్రీ బండెక్కిందని తెలిస్తే మామయ్య మర్నాడు షెడ్డు షట్టరు ఎత్తరు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే."

"రేపు పొద్దున్నే నేనూ వస్తాను. నీ వెనక కూర్చుంటాను. ఆ గిత్త సంగతేంటో నేనే చూస్తాను."

"నీకేం తెలుసు ఇంజన్ గురించి?"

"ఏమీ తెలీదు. తెలిసినవాళ్ళు చూశారుగా ఇన్నాళ్ళూ, ఏమైంది?"

పొద్దున్నే బయల్దేరాం. దాని నడుం రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంటే, గిత్త నన్ను ఎక్కడెక్కడ ఎత్తి కుదేసిందో చెప్పడం మర్యాద కాదు. క్వారీ దాటాం. ఎక్కుడు మొదలైంది. దగ్గింది, కుదిపింది, ఆగింది.

"చూశావా? నేనేమైనా చేశానా? చెయ్యి కూడా కదపలేదు!" జువ్వ దిగి టైరుని ఒక్క తన్ను తన్నింది. కాలు నొప్పెట్టి ఇంకాస్త కోపం తెచ్చుకుంది. "ఇక చాలు. ఇప్పుడే ఇస్త్రీకి ఫోన్ చేసి సరేనంటాను" అని, సిగ్నల్ కోసం పైనున్న బండ వైపు కుంటుతూ వెళ్ళిపోయింది.

నేను మిగిలాను, గిత్త మిగిలింది. నా మోపెడ్ ఎప్పుడు ఆగినా కారణం ఒక్కటే, పెట్రోల్ పోయించడం మర్చిపోతాను. అందుకని బండి ఆగితే ట్యాంకు మూత తీసి చూడటం తప్ప నాకింకేమీ రాదు. అత్తయ్య పువ్వుల కవరు ఊడదీశాను. ఎంత బిగుతుగా కుట్టిందో, గోళ్ళతో పీకాల్సివచ్చింది. మూత తిప్పాను.

ట్యాంకు 'హుఫ్' అంటూ గాలి పీల్చింది.

ఉలిక్కిపడ్డాను. నీళ్ళలో మునిగి తేలిన మనిషి మొదటిసారి పీల్చినట్టుంది ఆ చప్పుడు. లోపల పెట్రోల్ సగానికి పైగానే ఉంది. మూత పెట్టి, ఊరికే స్టార్టర్ నొక్కాను. గిత్త ఠక్కున లేచింది.

మూత మధ్యలో చూస్తే సూదిమొనంత రంధ్రం ఉంది. నాకు నవ్వొచ్చింది. నా మోపెడ్ మూతకీ అలాంటిదే ఉంది. దుమ్ముతో పూడిపోతే గుండుసూదితో పొడుచుకోమని మా నాన్న నేర్పారు. పెట్రోల్ కిందకి దిగుతున్నకొద్దీ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పోవాలి. పోకపోతే కాసేపటికి పెట్రోల్ దిగడం మానేస్తుంది, ఇంజన్ ఆగుతుంది. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. షెడ్డులో మామయ్య ముందు కవరు తీసేవారు, రోగం మాయం. చివర్లో కవరు తొడిగేవారు, రోగం హాజరు. అత్తయ్య చట్టం ఎంత బాగా అమలవుతోందో గిత్తకే తెలియాలి.

కవరు తిరగేశాను. లోపల రెక్సిన్, చుక్క గాలి కూడా దూరదు. అయితే ఒక పొర కాదు, రెండు. మొదటి పొర తెల్లదారంతో కుట్టి ఉంది. దాని మీద రెండోది నల్లదారంతో, తర్వాతెప్పుడో వేసింది. ఒకటి ఉండగా రెండోదెందుకో నాకు అంతుపట్టలేదు.

జువ్వ పరుగెత్తుకొచ్చింది. "ఎలా స్టార్టయింది?"

"గట్టిగా తిట్టాను."

"నేను తిట్టనివా?"

"పెళ్ళయినవాళ్ళ తిట్లు వేరులే. ఫోన్ చేశావా?"

"ఎత్తలేదు."

"అయితే సాయంత్రం షాపు మూసేదాకా ఆగు. అంతకుముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి గిత్తని పైకి తోలి చూడు. ఆగితే నేనే నిన్ను ఇస్త్రీ దగ్గరికి తీసుకెళ్తాను."

కవరు సంగతి దానికి చెప్పలేదు. జువ్వ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంజను సాంతం విప్పి బిగించిన మామయ్యకి దొరకని లోపం మూతమీది గుడ్డలో ఉందని ఊరంతా చెప్పి నవ్వుతుంది. ఇంట్లో అందరూ వణికే కవర్ల మీద నింద పడితే అత్తయ్య ఏమవుతుందో ఊహించుకోవడానికే భయమేసింది. ఇవి పైకి చెప్పుకోదగ్గ కారణాలు. అసలు కారణం, ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలిసిన సంగతి మొట్టమొదటిసారి ఒకటి దొరికింది. దాన్ని కాసేపు దాచుకోవాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కుట్టుమిషన్ ముందుంది. నేను పక్కన చేరి, కొంగులోంచి కవరు తీసి, తేనె పూసినట్టు మొదలుపెట్టాను.

"అత్తయ్యా, ఈ పువ్వు ఎంత ముద్దుగా ఉందో! మధ్యలో చిన్న కాజా తీస్తే ఇంకా బాగుంటుంది కదూ? చొక్కా గుండీకి తీస్తారే, అలాంటిది. ఈమధ్య అందరూ పువ్వు మధ్యలో అలాగే తీస్తున్నారు."

అత్తయ్య మిషన్ ఆపలేదు. "ఎవరు తీస్తున్నారు?"

"అంటే... అందరూ."

"గాలి కోసమా?"

మిషన్ చక్రం ఆగింది.

"మెకానిక్‌తో కాపురం చేస్తూ జుట్టు నెరిసింది నాకు. ట్యాంకుకి గాలాడాలని తెలీదనుకున్నావా?"

"తెలిసే కుట్టారా!"

"గట్టిగా అరవకు. మొదట తెలిసి కుట్టలేదు. జువ్వ ప్యాంటుకి పెట్రోల్ కంపు కొడుతోందని రెక్సిన్ వేశాను. ఆ సాయంత్రమే బండి ఆగింది. ఎక్కడ ఆగిందే అంటే, మెడ మలుపు ఇవతల అంది. కాళ్ళూ చేతులూ అన్నీ ఉండి, తిట్టుకుంటూ ఇంటికొచ్చింది." కవరు నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "కిందటేడు నుంచి అది కొండెక్కిన ఏ పూటా నేను సరిగ్గా తినలేదు. ఆ రాత్రి తిన్నాను. ఎందుకు ఆగిందా అని ఆలోచిస్తే తట్టింది. మర్నాడు ఇంకో పొర వేశాను."

నల్లదారం సంగతి అప్పటికి తెలిసింది నాకు. జాలి వేసింది. జాలికి ముందే కోపం కూడా వచ్చేసింది, నాకు రెండూ ఒకేసారి వస్తాయి.

"బాగుందండీ! కంచే చేను మేసినట్టుంది. తండ్రీకూతుళ్ళు మొహాలు చూసుకోవట్లేదు. మామయ్యకి తన చెవి మీదే నమ్మకం పోతోంది. ఇద్దరి మధ్యా అరిచి అరిచి నా గొంతు పోయింది. మీరేమో చక్కగా కూర్చుని పువ్వులు కుట్టుకుంటున్నారు!"

"పోనీలే. గొంతు బాగవుతుంది, కోపాలూ పోతాయి. చెయ్యి అలా కాదు. దాని కట్టు విప్పింది నేను. ఆ చెయ్యి ఎంత సన్నబడిపోయిందో నువ్వు చూశావా?"

నేను చూడలేదు. కోపం కాస్త దిగింది. అయినా చెప్పాల్సింది ఒకటి మిగిలే ఉంది.

"అత్తయ్యా, గిత్తకి కవరు వేశారు. మరి ఇస్త్రీ బండికి ఎవరు వేస్తారు?"

"ఇస్త్రీ బండి ఏంటి?"

చెప్పాను. సాయంత్రం ఆయన షాపుకొచ్చి మాట తీసుకుంటాడనీ, జువ్వ ఎలాగైనా ఆ మలుపు ఎక్కి తీరుతుందనీ, బండి మాత్రమే మారుతుందనీ చెప్పాను. అత్తయ్య మొహంలో రంగు పోయింది.

"ఆ బండికి బ్రేకులు ఎవరు చూస్తారు?" అంది.

"ఎవరో."

"ఎవరో అంటే?"

"ఎవరో అంటే ఎవరో అత్తయ్యా. మామయ్య మాత్రం కాదు."

ఆవిడ లేచింది. గుడ్డల సంచి గుమ్మరించి ఎర్ర మఖమల్ ముక్క వెతికింది. కొత్త కవరు కత్తిరించింది. ఈసారి లోపల పల్చటి నూలుగుడ్డ వేసింది. తెల్లపువ్వు కుట్టి, దాని మధ్యలో కత్తెర మొన ఆనించి నావైపు చూసింది.

"ఎంత తియ్యను?"

"గుండుసూది దూరితే చాలు."

"మరీ ఎక్కువ గాలి పోతే ఇంకా వేగంగా పరిగెడుతుందేమోనే?"

"పరిగెత్తదు అత్తయ్యా. ఒట్టు."

కాజా తెగింది. దాని అంచు చుట్టూ ఆవిడ చేత్తోనే కుట్టింది. అంత దగ్గరి కుట్టు నేనెక్కడా చూడలేదు.

సాయంత్రం జువ్వ షాపు నుంచి కాస్త ముందే వచ్చింది. మామయ్య అప్పుడే కార్బురేటర్ని మళ్ళీ ఊది బిగించి, కవర్లు తొడుగుతున్నారు. అలమారలోని కవర్ల మధ్య మేం దూర్చిన కొత్త కవరు ఆయన కంట్లో పడనేలేదు. కాపురం పొడుగునా కవర్లు చూసీ చూసీ ఆ కళ్ళకి అలవాటైపోయింది.

"అమ్మాయ్, చెప్పు, ఇదే ఆఖరిసారి ఊదడం" అన్నారు.

"వదినా, చెప్పు, నాకూ ఇదే ఆఖరిసారి ఎక్కడం" అంది జువ్వ.

గిత్త వెళ్ళింది. షెడ్డు ముందు ముగ్గురం నిలబడ్డాం. మామయ్య తల పక్కకి వంచి చప్పుడు వింటున్నారు. అత్తయ్య ఆయన మొహం చూస్తోంది. నేను ఇద్దర్నీ చూస్తున్నాను. చప్పుడు సన్నబడింది. ఆగుతుందనుకునే చోటు వచ్చినట్టుంది, మామయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నారు. తర్వాత మెల్లగా తెరిచారు.

"పైకి పోతోంది" అన్నారు.

తిరిగొచ్చేసరికి జువ్వ ఒంటినిండా దుమ్ము. బండి ఆపకుండానే సగం దిగి అరిచింది. "నాన్నా! టవర్ దాకా వెళ్ళాను నాన్నా!"

నా రాయబారి ఉద్యోగం ఆ క్షణంలో ఊడింది.

"నేను చెప్పలా? జెట్‌లో ఇసుక రేణువు. కంటికి కనపడదు. చెవికి దొరికింది" అన్నారు మామయ్య.

"మీ చెవా మజాకానా" అంది అత్తయ్య, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా. నేను నీళ్ళు తాగే వంకతో లోపలికి పారిపోయి, చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

షాపు దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి ఇస్త్రీ వెళ్ళిపోయాడట. కళ్ళద్దాలు మాత్రం కొన్నాడట, పాపం.

పందెం రోజు అత్తయ్య కూడా వచ్చింది. ఎప్పుడూ రాదు. క్వారీ గట్టు మీద నా పక్కన నిలబడి, పాత కవరుని చేతిలో మడుస్తూ విప్పుతూ ఉంది. బండ్లన్నీ దుమ్ము లేపుకుంటూ పోయాయి. మెడ మలుపు దగ్గర గిత్త చప్పుడు బండరాయి వెనక్కి వెళ్ళి మాయమైంది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజు ఒకటి చిట్లింది. నేను కదల్లేదు.

అవతలి నుంచి చప్పుడు మళ్ళీ వినిపించింది. అత్తయ్య 'హుఫ్' అని గాలి పీల్చింది. అచ్చం ఆ రోజు ట్యాంకు పీల్చినట్టే.

జువ్వ రెండోది వచ్చింది. మొదటొచ్చిన బండి ఇంజన్ చప్పుడు ఏమీ బాగాలేదని మామయ్య ఇంటికి వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. రాత్రి అందరం కలిసి తింటుంటే నాకు ఉత్సాహం ఆగలేదు.

"వచ్చే ఏడు నేనూ దిగుతాను. జువ్వా, తోలడం నేర్పిస్తావా? ముందు నా మోపెడ్ మీదే ఆ క్వారీ రోడ్డులో అలవాటు చేసుకుంటాను."

జువ్వ చప్పట్లు కొట్టింది. మామయ్య గిత్తకి తమ్ముణ్ణి కడతానన్నారు. అత్తయ్య మాత్రం నావైపు ఒక్కసారి చూసి, తలొంచుకుని తిన్నది. 'నీ బండి నీ ఇష్టం' అనుకుంటోంది కాబోలు అని నాకు మళ్ళీ ఉడుకుమోత్తనం వచ్చింది.

పొద్దున్న మార్కెట్‌కి పోదామని గుమ్మంలోకి వచ్చాను. మోపెడ్ ట్యాంకు మూత మీద నీలం మఖమల్ కవరు. మధ్యలో పసుప్పచ్చ పువ్వు. అంచు చుట్టూ ఎలాస్టిక్ బిగుతుగా ఉంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, మిషన్ చప్పుడు కూడా లేదు.

పువ్వు మధ్యలో వేలితో తడిమాను. కాజా లేదు. అంచు ఎత్తి లోపల చూశాను. రెక్సిన్. అది కూడా రెండు పొరలు.

ఏమీ ఎరగనట్టు మార్కెట్‌కి బయల్దేరాను. మార్కెట్ దాటినా ఆపలేదు, క్వారీ రోడ్డెక్కాను. మోపెడ్ దగ్గింది, కుదిపింది, ఆగింది. రోడ్డు పక్కన రాతిమీద కూర్చుని నవ్వుకున్నాను. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి, వాటిని తుడుచుకోవాలనిపించలేదు. తర్వాత కవరు ఊడదీసి మూత తిప్పాను. ట్యాంకు గాలి పీల్చింది.

మూత బిగించి, కవరు తిరిగి తొడిగేశాను. తీసినవాళ్ళే తొడగాలి కదా, మా ఇంట్లో చట్టం అది.